మా మామ్మ పుట్టింది అక్షయలో

మీ ఇంట్లో అందరికంటే ఎక్కువ కాలం బతికిన పెద్దావిడ గురించి, ఆవిడకి ఊరితో ఉన్న సంబంధం గురించి చెప్పమని అడిగారు. మా నాన్నగారి అమ్మ గురించి రాస్తాను. మేమంతా మామ్మ అనేవాళ్ళం. మాది కోనసీమ, గోదావరి వైనతేయ పాయ పక్కన ఏటిగట్టుకి ఆనుకుని ఉన్న ఊరు.

మామ్మకి పుట్టినరోజు తెలీదు. ఏడు మాత్రం కచ్చితంగా తెలుసు, అక్షయ. అంటే 1926 ఉగాదికీ 1927 ఉగాదికీ మధ్య. 2019లో, వికారిలో పోయింది. ఆధార్‌లో మాత్రం ఆవిడ ఎనిమిదేళ్ళు చిన్నది, పుట్టిన తేదీ జనవరి 1. వివరాలు ఎక్కించుకునే కుర్రాడికి "అక్షయ" అని చెప్తే అతను నవ్వి, మొహం చూసి ఒక అంకె వేసేశాడు. చివరికి మరణ ధృవీకరణ పత్రంలోనూ అదే ఎక్కింది.

ఇంగ్లీషు సంవత్సరాలతో ఆవిడకి పని ఉండేది కాదు. 1953లో వచ్చింది విజయ వరద. 1986లో వచ్చింది అక్షయ వరద. 1996 నవంబరు తుఫాను ధాత గాలివాన. ప్రభవ నుంచి మొదలెట్టి అరవై పేర్లూ గడగడా చెప్పేది. ఊళ్ళో సరిహద్దు తగాదా వస్తే ముందు మా అరుగు మీదకే వచ్చేవారు. "ఆ గట్టు వేసింది ప్లవంగలో, పుష్కరాల ఏడు, మీ తాత అప్పటికి ఉన్నాడు" అని తేల్చేసేది. నేను వేళ్ళ మీద లెక్కేసి 1967 అని చెప్పేవాడిని. కాగితాలు చూస్తే అంతే ఉండేది.

మా వైపు పెద్దావిడ అనగానే డొక్కా సీతమ్మ గారిని తలుచుకోవడం అలవాటు. మా కోనసీమ గన్నవరంలో వేళ కాని వేళ వచ్చినవాళ్ళకి కూడా అన్నం పెట్టిన తల్లి ఆవిడ. 1909లో పోయారు. అక్కడ కాలవని ఏటి మీదుగా దాటించే అక్విడెక్టుకి ఇప్పుడు ఆవిడ పేరే. అందుకని ప్రతి ఇంటి ముసలమ్మనీ పోయాక "మరో సీతమ్మ" అనేస్తారు. మా మామ్మ మరో సీతమ్మ కాదు. గాదె తాళం బొడ్లో దోపుకుని తిరిగిన మనిషి. ఆవకాయ జాడీ మీద కోడళ్ళ చెయ్యి పడనిచ్చేది కాదు. కొబ్బరికాయలు దింపించే రోజున, అదే దింపు రోజున, చెట్ల కింద నిలబడి కాయలు తనే లెక్కపెట్టుకునేది, కొనే కొట్టువాళ్ళ లెక్క మీద నమ్మకం లేదు. కూలీలకి మజ్జిగ పోసే గ్లాసులు వేరుగా చూర్లో దోపి ఉండేవి. వాటి మీద మా నాన్నకీ ఆవిడకీ ఏళ్ళ తరబడి గొడవ. నాన్నే గెలిచారు, కానీ అప్పటికి ఆవిడకి ఎనభై దాటాయి. ఇది వదిలేసి మిగతాది రాస్తే ఫోటోకి దండ వేసినట్టుంటుంది.

పుట్టిల్లు గంగలకుర్రు. పెళ్ళయ్యాక కాలవ మీద గూటిపడవలో వచ్చిందట, గట్టు మీద మనుషులు తాడేసి లాగుతుంటే. రెండూళ్ళ మధ్యా సైకిలు దూరమే. కానీ ఇక్కడ డెబ్బై ఏళ్ళకి పైగా కాపురం చేసినా కనుమ రోజున మాత్రం ఆవిడ గంగలకుర్రు మనిషే. ఆ రోజు జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే శివుణ్ణి నిలిపి మోసే అలంకరించిన ఎత్తైన చట్రాలు, కలుస్తాయి కదా, పదకొండు ఊళ్ళవి. గంగలకుర్రు ప్రభ కౌశిక ఏరు దాటి రావాలి. పీకల్లోతు నీళ్ళలో కుర్రాళ్ళు దాన్ని భుజాల మీద మోసుకొస్తుంటే, మేమంతా పక్కనే ఉన్నా, "మా ప్రభ వచ్చేసిందర్రా" అని అరిచేది. పచ్చటి చేలు తొక్కుకుంటూ పోయినా ఆ రోజు ఏ రైతూ ఏమనడు. తన చేలో మడమ లోతు అడుగు పడితే ఊరంతా వినపడేలా తిట్టే మామ్మ కూడా ఏమనేది కాదు.

ఇక అక్షయ వరద. "నా ఏడు తిరిగొచ్చింది" అని ఆ ఉగాదినాడు ఒకటే సంబరం. తాతయ్య లేరు కాబట్టి అరవై నిండినా షష్టిపూర్తి లాంటిదేం లేదు. ఆగస్టులో ఏటిలో ఎర్రనీళ్ళు పెరగడం మొదలైంది. మామ్మ విజయవాడ రేడియో ముందు నుంచి కదల్లేదు. భద్రాచలం దగ్గర నీళ్ళు ధవళేశ్వరం దిగడానికి ఇంచుమించు ఒక రోజు. ఆ లెక్క మా వైపు పిల్లలకి కూడా తెలుసు. భద్రాచలంలో మూడో హెచ్చరిక ఇచ్చేది 53 అడుగులకి. ఆసారి 75 దాటింది. ధవళేశ్వరం ఆనకట్ట మీంచి 35 లక్షల క్యూసెక్కులు కిందకి వచ్చాయి.

రేడియోలో ఆ అంకె వినగానే ఏడుపూ లేదు, దండాలూ లేవు, వరసగా పనులు పురమాయించింది. విత్తనం వడ్లు, కురిడీలు (ఎండిన కొబ్బరికాయలు) అటకెక్కించమంది. "గేదెల పలుపులు విప్పేయండ్రా, కట్టేసి ఉంటే చస్తాయి, వదిలేస్తే ఈదుతాయి" అంది. తన సంచిలో వేసుకున్నవి రెండు చీరలు, గాదె తాళం, గుప్పెడు చిల్లగింజలు. చిల్లగింజలు చూసి మా బాబాయి నవ్వాడు. గట్టు తెగాక అందరం బడి డాబా మీదకి చేరాం. చుట్టూ చూసినంత మేరా నీళ్ళే గానీ తాగడానికి చుక్క లేదు. అప్పుడు బిందెల్లో ఆ బురద నీళ్ళే ముంచి, చిల్లగింజ అరగదీసి కలిపి ఉంచితే మట్టి అడుక్కి దిగింది. పైన తేరినవి కాచి అందరికీ పోసింది. ఆ డాబా మీద ఊళ్ళోని అన్ని పేటలవాళ్ళూ ఉన్నారు. గ్లాసులే నాలుగైదు. ఎవరు తాగిన గ్లాసుతో ఎవరు తాగుతున్నారో మామ్మ చూడలేదు. నీళ్ళు తీసేసి, ఇంట్లో ఒండ్రు ఎత్తిపోసి, గోడలు సున్నం వేసుకున్నాక చూర్లో గ్లాసులు మళ్ళీ చూర్లోకే వెళ్ళాయి. ఈ రెండూ ఒకే మనిషి చేసిందంటే నాకు ఇప్పటికీ విచిత్రంగానే ఉంటుంది.

ఆరోగ్య రహస్యం ఏంటని మీరు అడగలేదు గానీ కామెంట్లలో ఎవరో ఒకరు అడుగుతారు. ఏమీ లేదు. పంచదార దట్టించిన కాఫీ, మూడు పూటలా ఊరగాయ. అదే తిండి తిన్న ఆవిడ తోడబుట్టినవాళ్ళెవరూ డెబ్బై దాటలేదు.

ధాత గాలివాన నవంబరు 6 రాత్రి. తెల్లారేసరికి కొబ్బరితోటలో నిలబడి ఉన్న చెట్లు తక్కువ, పడినవి ఎక్కువ. కోనసీమంతా అదే పరిస్థితి. అవి రొయ్యల చెరువులకి మోజు పెరిగిన రోజులు. మా బాబాయి ఇదే అదను, తోట తీసేసి చెరువు తవ్విద్దాం అన్నాడు. భూమి మామ్మ పేరు మీద ఉంది. "ఆ ఉప్పు మన గట్టు దగ్గర ఆగుతుందిరా? పక్కోడి చేను ఏంగాను?" అని సంతకం పెట్టనంది. పక్కవాళ్ళ మీద దయ అనుకోకండి, ఆ పక్క చేనువాళ్ళతో ఆవిడకి మాటల్లేవు. చేను చౌడైపోవడం అనే మాటే ఆవిడకి పడదు, ఎవరి చేనైనా సరే. పడిన చెట్ల మొదళ్ళు తీయించి దేశవాళీ మొక్కలే పెట్టించింది. అవి కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పట్టింది. వచ్చాక నల్లి పట్టి కాయ చిన్నదైపోయింది. ఆలోగా చెరువులు తవ్వినవాళ్ళు కొందరు మేడలు కట్టారు, కొందరు రొయ్యలకి తెగులొచ్చి ఉన్నది కూడా అమ్ముకున్నారు.

ఇప్పుడు ఆ తోట మూడు వాటాలైంది. బాబాయి తన వాటా దింపు డబ్బులు లెక్కపెట్టుకుంటూనే, అదే చెరువైతే ఎంత వచ్చేదో ప్రతిసారీ మాకు లెక్క చెబుతాడు. వాటా విడిగా చేతికొచ్చి ఇన్నేళ్ళైంది కదా, ఇప్పుడైనా తవ్వించుకోవచ్చు కదా అంటే మాత్రం మాట మార్చేస్తాడు.