దినే అంటే రాత్రి భోజనం కాదు

చెల్లీ,

"మా ఆయన ఆఫీసులో అంతా ఇంగ్లీషేనట, మాంట్రియల్‌లో ఫ్రెంచి లేకుండా నెట్టుకురాలేమా అక్కా?" అని అడిగావు. నెట్టుకురావచ్చు. 2008 నవంబరులో దిగి, రెండేళ్ళు నేను అలాగే నెట్టుకొచ్చాను. అందుకే వద్దంటున్నాను.

కొత్తవాళ్ళకి ప్రభుత్వం అప్పుడూ ఉచితంగానే ఫ్రెంచి నేర్పేది. మంచులో బస్సెక్కి ఎవరు వెళ్తారులే అని మానేశాను. షాపులో రెండు భాషల్లోనూ "బోంజూర్, హాయ్" అని పలకరిస్తే నేను "హాయ్" అనేదాన్ని, పనైపోయేది. గుంటూరులో ఎమ్మెస్సీ చదివాను, ఇంగ్లీషు దంచేస్తానని పొగరు కూడా. ఆయన పొద్దున ఎనిమిదింటికి వెళ్తే రాత్రి ఏడింటికి రాక. మధ్యలో పదకొండు గంటలు నేనూ, కిటికీ, మంచూ. మీకిప్పుడు వీడియో కాల్స్ ఉన్నాయిలే, మాకు కాలింగ్ కార్డులు. అయినా అమ్మతో ఎంతసేపని మాట్లాడతావు? చలికాలం ఇక్కడ మధ్యాహ్నం రెండయ్యేసరికి అక్కడ అర్ధరాత్రి దాటిపోతుంది.

కింది వాటాలో డెబ్బై ఏళ్ళ పెద్దావిడ ఒక్కతే ఉండేది. మెట్ల మీద కనపడినప్పుడల్లా ఏదో అనేది, నేను నవ్వేసి వెళ్ళిపోయేదాన్ని. ఒకరోజు ఆవిడ చేతులు తిప్పుతూ శనివారం "దినే"కి రమ్మంది. నా దగ్గరున్న చిన్న పుస్తకంలో దినే అంటే రాత్రి భోజనం అని ఉంది. అది ఫ్రాన్సు వాళ్ళ పుస్తకమని నాకేం తెలుసు! ఏడింటికి పులిహోర గిన్నెతో తలుపు కొట్టాను. ఆవిడ నైటీలో వచ్చి తలుపు తీసింది. లోపల టేబుల్ మీద రెండు ప్లేట్లు, రెండు గ్లాసులు, మధ్యాహ్నం సర్దినవి సర్దినట్టే ఉన్నాయి. మాంట్రియల్ ఉన్న ఈ క్యూబెక్ రాష్ట్రంలో దెజ్యునే అంటే పొద్దుటి టిఫిను, దినే మధ్యాహ్నం భోజనం, రాత్రిది సుపే. రెండేళ్ళలో నన్ను భోజనానికి పిలిచిన ఒకే ఒక్క మనిషిని అలా కూర్చోబెట్టాను. సోమవారమే వెళ్ళి క్లాసులో పేరు రాయించుకున్నాను.

నేర్చుకున్నాక ఇంకో తంటా. మన యాస వినగానే వాళ్ళు మర్యాదకి ఇంగ్లీషులోకి మారిపోతారు. "ఆన్ ఫ్రాన్సే, సిల్ వు ప్లే", అంటే దయచేసి ఫ్రెంచిలోనే అని మొండికెయ్యాలి. ఆ పెద్దావిడ నన్ను "తు" అనమంది, అంటే నువ్వు అని. తల్లి వయసు మనిషిని నువ్వు అనడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

ఫ్రెంచి రాకపోతే తిడతారట కదా అన్నావు. ఇన్నేళ్ళలో నన్నెవరూ తిట్టలేదు. కానీ వాళ్ళ మంట ఎక్కడిదో తెలుసుకో. ఒకప్పుడు ఇదే ఊళ్ళో పెద్ద కంపెనీల్లో పై ఉద్యోగాలు చాలావరకు ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళవే. 1977లో 101వ చట్టం వచ్చాకే బోర్డుల మీద, బడుల్లో ఫ్రెంచి గట్టిగా నిలబడింది. క్యూబెక్ విడిపోవాలా వద్దా అని 1995లో పెట్టిన రిఫరెండంలో కెనడాతోనే ఉందామన్నవాళ్ళు 50.58 శాతం, విడిపోదామన్నవాళ్ళు 49.42. మా పెద్దావిడ ఎటు ఓటేసిందో నేనడగలేదు, నువ్వూ ఎవరినీ అడక్కు. "బోంజూర్, హాయ్" వద్దు, బోంజూర్ ఒక్కటే చాలని 2017లో అసెంబ్లీ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. షాపులవాళ్ళు ఇప్పటికీ రెండూ అంటూనే ఉన్నారు.

పాప బడి సంగతి. ప్రభుత్వ ఇంగ్లీషు బడిలో వెయ్యడానికి "మేమిద్దరం ఇంగ్లీష్ మీడియమే" అంటే ఇక్కడ చెల్లదు, ఆ చదువు కెనడాలో చదివుండాలి. వర్క్ పర్మిట్ వాళ్ళ పిల్లలకి కొన్నాళ్ళ మినహాయింపు ఉంది, ప్రభుత్వ సైట్లో చూసుకో. 2022లో వచ్చిన 96వ చట్టం ప్రకారం, వచ్చి ఆరు నెలలు దాటాక ప్రభుత్వ ఆఫీసుల ఉత్తరాలు చాలావరకు ఫ్రెంచిలోనే వస్తాయి. అదేం పెద్ద టెన్షన్ కాదు, ఫోన్ చదివి పెడుతుంది. మధ్యాహ్నం పూట పక్కన కూర్చుని కబుర్లు మాత్రం చెప్పదు.

మీ ఆయన్ని కూడా క్లాసుకి లాక్కుపో. మా ఆయన లంచ్ టేబుల్ దగ్గరికి వెళ్తే ఆరుగురూ ఇంగ్లీషులోకి మారి, రెండు ముక్కలు మాట్లాడి ఊరుకునేవాళ్ళట. ఆయన వల్ల వాళ్ళ కబుర్లు కూడా ఆగిపోయేవి! నేనిప్పుడు ఒక గార్డెరీలో, అంటే చిన్నపిల్లల్ని చూసుకునే చోట, పని చేస్తున్నాను. మూడేళ్ళ పిల్లలు నా ఉచ్చారణ దిద్దుతారు, ఆయనకి మాత్రం నేను దిద్దుతాను.

కోట్లు, బూట్లు అడిగావు, అవి ఇక్కడికొచ్చాకే కొనుక్కోండి. దిగిన వారంలో ఫోన్ చెయ్యి. శనివారం మా ఇంటికి దినేకి రండి. పన్నెండింటికి.