చేతికొచ్చిన బంతి జారిపోతుంటే

ప్రశ్న: మా అబ్బాయికి 15 ఏళ్లు, ఫుట్‌బాల్ గోల్‌కీపర్. ఎత్తుగా వచ్చే బంతి చేతికందీ జారిపోతోంది. గ్లవుజులు రెండు నెలలకే పాడవుతున్నాయి. వీడికి ముందు ముందు దారేమైనా ఉందా?
– ఒక తండ్రి, పర్లాకిమిడి

జవాబు: ముందు బొటనవేళ్లు చూడండి. ఎడంగా ఉంటే బంతి వాటి మధ్యలోంచే వెనక్కి జారుతుంది. రెండూ దాదాపు తగులుతూ, చూపుడువేళ్లతో కలిసి ‘డబ్ల్యూ’ ఆకారం రావాలి. బంతిని తలమీద కాదు, కళ్లకు ముందు, మోచేతులు కాస్త వంచి అందుకోవాలి. బిగదీసిన చేతులకు తగిలిన బంతి ఎగిరిపోతుంది.

గ్లవుజుల అరచేతిలో ఉండేది మెత్తటి లేటెక్స్. ఆటకు ముందు కొద్దిగా తడపాలి, ఎండితే పట్టుండదు. అయ్యాక గోరువెచ్చని నీళ్లలో మట్టి వదిలించి, పిండకుండా అదిమి, నీడలో ఆరేయాలి. ఎండలో వేస్తే పెళుసెక్కి పెచ్చులూడుతుంది. ఎర్రమట్టి మైదానంలో ప్రాక్టీసుకు పాత జతే వాడమనండి.

బంతి పట్టాక 8 సెకన్లు దాటితే 2025 నుంచి ఎదుటివాళ్లకు కార్నర్ (మైదానం మూల నుంచి బంతి తన్నే అవకాశం) ఇస్తారు. అదీ అలవాటు చేయించండి.

ముందు దారంటారా, ఇంకా బోలెడు కాలముంది. ఇటలీ గోల్‌కీపర్ డినో జోఫ్ 1982లో ప్రపంచకప్పు గెలిచింది 40 ఏళ్ల వయసులో! కంగారు మీవాడిది కాదు, మీదేనేమో.