కేలరీల యాప్ ఇచ్చే తేదీ, కూరలో పడే నూనె

రోజుకు 500 కేలరీలు తగ్గించి తింటే ఫలానా తేదీకి ఎనిమిది కిలోలు తగ్గుతారని తమ యాప్ చూపుతోందనీ, ఆ జోస్యాన్ని ఎంతవరకు నమ్మవచ్చో అనుభవం ఉన్నవారు చెప్పాలనీ ప్రశ్న అడిగినవారు కోరారు. నేను గుంటూరు బ్రాడీపేటలో చాలాకాలంగా కర్రీ పాయింట్ నడుపుతున్నాను. వైద్యం చదువుకోలేదు గానీ, ఏ కూరలో ఏ దినుసు ఎంత పడుతుందో చేతికి తెలిసినదాన్ని. ఆ తెలివితోనే గట్టిగా చెబుతున్నాను: మన భోజనం తినేవారు యాప్ చూపించే తేదీని నమ్మకూడదు, అది ఇచ్చిన గడువును కనీసం రెట్టింపు చేసుకోవాలి. అయితే తిన్నది రాసుకునే అలవాటును మాత్రం వదలకూడదు.

మా తమ్ముడు మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్టులో లెక్కలు రాస్తాడు. వయసు 42, ఎత్తు 170 సెంటీమీటర్లు, అప్పటి బరువు 86 కిలోలు. రక్తంలో చక్కెర హద్దు దగ్గరకు వచ్చిందని వైద్యుడు హెచ్చరించడంతో, వినాయక చవితి వెళ్లాక ఫోనులో యాప్ పెట్టుకున్నాడు. రోజుకు 1,860 కేలరీలకు మించకుండా తింటే సంక్రాంతికి 78 కిలోలకు వస్తాడని అది చూపింది. బస్తాల తూకంలో కిలో తేడా కనబడితే అది తేలేదాకా ఇంటికి వెళ్లని మనిషి వాడు, అంచేత తిన్న ప్రతి ముద్దనూ అంత శ్రద్ధగానూ రాశాడు. సాయంత్రాలు ఎన్‌టీఆర్ స్టేడియంలో నడిచాడు, స్నేహితులు బజ్జీల బండి దగ్గర ఆగినా తాను ఆగలేదు. భోగి నాటి ఉదయం తూకం చూసుకుంటే 83 కిలోల 200 గ్రాములు వచ్చింది. పండగ రద్దీలో ఉన్న నా కొట్టుకు వచ్చి, ఫోను బల్ల మీద పెట్టి, “అక్కా, నా ఒంటికి ఈ లెక్కలేవీ పనిచేయవు, ఇక మానేస్తాను” అన్నాడు.

వాడి ముఖం చూసి నాకు కడుపు తరుక్కుపోయింది. నాలుగు నెలల్లో మూడు కిలోలకు దగ్గరగా తగ్గి, వైద్యుడి చేత శభాష్ అనిపించుకున్న మనిషి, ఎవరో ముందుగా వేసిపెట్టిన తేదీ దాటిపోయిందన్న ఒక్క కారణంతో తాను ఓడిపోయానని నమ్ముతున్నాడు. ఈ జోస్యాల మీద నాకున్న కోపమంతా ఇక్కడే ఉంది, ఎందుకంటే అవి తప్పడంతో ఊరుకోవు, నిజంగా జరిగిన మేలును కూడా మనిషికి కనబడకుండా చేస్తాయి.

ఫోను తీసుకుని వాడు రాసిన పద్దులు చదివాను. మధ్యాహ్నం వాడు తినే కూరలన్నీ నా కొట్టువే. అందులో ఒకచోట ‘వంకాయ కూర, ఒక కప్పు, 120 కేలరీలు’ అని ఉంది.

“ఈ కూర వండింది ఎవరురా?” అని అడిగాను.

“నువ్వే కదక్కా.”

“మరి ఇందులో నూనె ఎంత పడిందో ఆ ఫోనుకు ఎవరు చెప్పారు?”

వాడు జవాబు చెప్పలేదు. పండగ వెళ్లాక ఒక ఉదయం కొట్టుకు రమ్మన్నాను. ఆ రోజు గుత్తి వంకాయ వండేటప్పుడు కాటా పొయ్యి పక్కనే పెట్టి, ప్రతి దినుసునూ తూచి వాడి చేతనే రాయించాను. అయిదు కిలోల వంకాయలు, వేరుశెనగ గుళ్లూ నువ్వులూ ఎండుకొబ్బరీ కలిపి కొట్టిన పొడి 600 గ్రాములు, వాటితోపాటు ఉల్లిపాయలూ చింతపండు రసమూ పడ్డాయి. నూనె డబ్బాను వంటకు ముందూ తరువాతా తూచి చూస్తే 900 గ్రాములు తగ్గింది. మూకుడు దించాక కూర ఆరు కిలోలు తూగింది. అడుగున చేరిన నూనెను మేము పారబోయం, ప్యాకెట్ కట్టేటప్పుడు గరిటెతో పైన పోస్తాం, కొనేవారూ అదే కోరుకుంటారు. ఆ లెక్కన 150 గ్రాముల ప్యాకెట్‌లో 22 గ్రాములకు పైగా నూనె ఉంటుంది. కొవ్వు గ్రాముకు తొమ్మిది కేలరీలు కాబట్టి నూనెకే 200 కేలరీలు, పొడికి ఎనభై అయిదు, వంకాయకు ముప్పై పోతాయి. యాప్ 120 అన్న కూర నిజానికి 320 దగ్గర తేలింది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2011లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో, కూర్చుని పనిచేసే మగవారికి రోజు మొత్తానికి సూచించిన నూనె 25 గ్రాములు, ఆడవారికి 20 గ్రాములు. మా కొట్టు ప్యాకెట్ ఒక్కటే దాదాపు ఆ కోటాను పూర్తిచేస్తోందని తెలిసినప్పుడు నేను కూడా చాలాసేపు ఆలోచనలో పడ్డాను. అదే సంస్థ 2017లో 528 ఆహార పదార్థాలను పరీక్షించి పట్టికలు వెలువరించింది. అవి గొప్ప పట్టికలు, కానీ వాటిలోనివి వండని పదార్థాలు. బ్రాడీపేటలో ఏ పూట ఏ మూకుడులో ఎంత నూనె పడుతుందో ఏ పట్టికా చెప్పలేదు. యాప్‌లోని కూరల పద్దులు చాలావరకు వాడుకునేవారే ఎక్కించినవి, ఎక్కించినవారి వంటింటి కొలతలు వేరు, మన కొలతలు వేరు. అన్నం విషయంలోనూ ఇదే చిక్కు ఉంది. వంద గ్రాముల బియ్యానికి దాదాపు 350 కేలరీలు, వంద గ్రాముల అన్నానికి 130 మాత్రమే. బియ్యం తూచి అన్నం పద్దు ఎంచుకున్నవారి రోజు లెక్క ఆ ఒక్క చోటే తలకిందులవుతుంది.

ఆ తరువాత మేమిద్దరం మిగతా పూటలను కూడా చూశాం. రాత్రి పప్పు తాలింపులో మా మరదలు వేసే చెంచాడు నెయ్యి 45 కేలరీలు, అది వేస్తున్నట్టు వాడికి తెలియనే తెలియదు. ఉదయం టిఫినుతో వచ్చే పల్లీ చట్నీకి సరైన పద్దు దొరక్క టమాటా చట్నీగా రాయడంతో మరో డెబ్బై అయిదు కేలరీలు జారిపోయాయి. కూరలోని 200తో కలిపితే రోజుకు 320 అవుతుంది. తగ్గిస్తున్నానని వాడు అనుకున్నది 500, నిజంగా తగ్గింది 180. నాలుగు నెలలకు 120 రోజులు వేసుకుని, కిలో కొవ్వుకు 7,700 కేలరీల చొప్పున భాగిస్తే రెండు కిలోల 800 గ్రాములు వస్తుంది, భోగి నాడు కాటా చూపిన తగ్గుదల సరిగ్గా అంతే. వాడి శరీరంలో ఏ వింతా లేదని, లెక్క పనిచేసిందని, దినుసు వివరమే తప్పు అందిందని అప్పుడు వాడికి నమ్మకం కుదిరింది.

ఇలా తక్కువ రాయడం మా ఇంటికే పరిమితమైన విషయం కాదు. ఎంత తక్కువ తిన్నా తగ్గడం లేదని చెప్పుకున్న కొందరిని పరీక్షించి 1992లో అమెరికాలో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో, వారు తాము తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువగానూ, చేసిన శ్రమను 51 శాతం ఎక్కువగానూ చెప్పినట్టు తేలింది. వారు అబద్ధాలకోరులని నేను అనుకోను, తమ ముందుకు వచ్చిన పళ్లెంలో ఏముందో వారికి తెలియదని మాత్రమే అనుకుంటాను.

రాసేది సరిగ్గా రాసినా, ఖర్చు వైపు లెక్కలో ఇంకొక పెద్ద కంత ఉంది. చాలా యాప్‌లు 1990లో వచ్చిన మిఫ్లిన్ సూత్రాన్ని వాడతాయి, అది అమెరికాలో 498 మంది ఆరోగ్యవంతులను కొలిచి కట్టిన సూత్రం. మా తమ్ముడి కొలతలకు అది విశ్రాంతి స్థితిలో రోజుకు సుమారు 1,720 కేలరీల ఖర్చు చూపుతుంది. తరువాత మనం ‘కూర్చునే పని’ అని నొక్కితే దాన్ని 1.2తోనూ, ‘మధ్యస్థ శ్రమ’ అని నొక్కితే 1.55తోనూ గుణిస్తారు. మొదటిది 2,060, రెండోది 2,660. ఒక్క వేలి నొక్కుడుకు 600 కేలరీల తేడా వచ్చింది, మనం రోజూ కష్టపడి మిగిల్చే 500 కంటే అది ఎక్కువ. మా వాడు వాటి మధ్యనున్న 1.375 ఎంచుకున్నాడు కాబట్టి సరిపోయింది. సాయంత్రం అరగంట నడిచినందుకు మధ్యస్థ శ్రమ నొక్కేవారిని నేను రోజూ చూస్తున్నాను. చేతికి కట్టుకునే పట్టీ చూపే కేలరీలను కూడా దానికి కలుపుకోవడం మరీ ప్రమాదం. 2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు ఏడు పరికరాలను పరీక్షిస్తే, ఖర్చయిన కేలరీల విషయంలో అన్నిటికంటే మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది.

ఇక తేదీ వేసే పద్ధతికి వస్తే, దాని వెనుక ఉన్నది 1958లో మాక్స్ విష్నోఫ్‌స్కీ అనే వైద్యుడు చెప్పిన పౌండుకు 3,500 కేలరీల లెక్క, కిలోకు 7,700 అన్నది దాని నుంచి వచ్చిందే. రెండు మూడు నెలలకు అది ఫరవాలేదు, ఏడాదికి చాలదు. బరువు తగ్గేకొద్దీ శరీరం ఖర్చు కూడా తగ్గుతుంది, అందువల్ల గీత తిన్నగా దిగదు, క్రమంగా వంగి నిలబడుతుంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలలో పనిచేసిన కెవిన్ హాల్, ఆయన సహచరులు 2011లో లాన్సెట్ పత్రికలో ప్రచురించిన అంచనా ప్రకారం, అధిక బరువున్నవారు రోజుకు 24 కేలరీలు శాశ్వతంగా తగ్గిస్తే చివరికి ఒక కిలో తగ్గుతారు, అందులో సగం తగ్గడానికే సుమారు ఏడాది పడుతుంది. అంటే రోజుకు 240 తగ్గించినవారికి మొదటి ఏడాదిలో వచ్చేది అయిదు కిలోలు. పాత లెక్క మాత్రం అదే ఏడాదికి 11 కిలోలకు పైగా ఆశ చూపిస్తుంది. గడువును రెట్టింపు చేసుకోమని నేను అనడానికి మా వంటిల్లుతో పాటు ఇది కూడా కారణం.

మొదటి వారంలో గబగబా దిగే బరువును చూసి యాప్ తేదీని ముందుకు జరిపితే సంతోషపడకండి. శరీరంలో నిల్వ ఉండే గ్లైకోజెన్ అనే పిండి పదార్థం గ్రాముకు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది, మొదట పోయేది ఎక్కువగా ఆ నీరే. అలాగే మాఘమాసంలో పెళ్లి భోజనం చేసిన మర్నాడు కిలోన్నర పెరిగితే భయపడకండి. అంత కొవ్వు చేరాలంటే పదకొండు వేలకు పైగా కేలరీలు అదనంగా తినాలి, ఆవకాయలోని ఉప్పూ పులిహోరా పట్టి ఉంచిన నీరు రెండు మూడు రోజుల్లో దిగిపోతుంది.

మా తమ్ముడు యాప్‌ను ఉంచుకుని లక్ష్యపు తేదీని తీసేశాడు. రోజూ ఉదయం తూకం రాసుకుని వారం సగటును మాత్రమే ముందు వారం సగటుతో పోలుస్తాడు. నాలుగు వారాలు సగటు కదలకపోతే రోజుకు మరో 150 కేలరీలు తగ్గిస్తాడు. రాసేదానిలో తప్పున్నా అది ప్రతిరోజూ ఒకే తప్పయితే ఈ పద్ధతిలో దానంతట అదే సర్దుకుంటుంది. మన తూకాలను చూసి మన ఖర్చును తిరిగి లెక్కగట్టే యాప్‌లు కూడా ఉన్నాయి, జోస్యం తప్పనిసరిగా కావాలనుకునేవారు వాటినే ఎంచుకోవాలి. ఉగాది నాటికి వాడు 81 కిలోలకు వచ్చాడు.

నేను కొట్టు గోడ మీద ఏ కూర ప్యాకెట్‌లో ఎన్ని గ్రాముల నూనె ఉందో రాసి పెట్టాను, గుత్తి వంకాయను 600 గ్రాముల నూనెతో విడిగా మరో మూకుడులో కూడా వండుతున్నాను. నూనె తేలకపోతే కూరే కాదని వాదించేవారు ఉన్నారు, బోర్డు చదివి రెండో రకం అడిగేవారూ పెరుగుతున్నారు. గుంటూరులోనూ విజయవాడలోనూ ఇన్ని కర్రీ పాయింట్లు ఉన్నాయి, ఇన్ని వేల ఇళ్లు వాటి మీద ఆధారపడుతున్నాయి, ఆ ఒక్క అంకె రాసి పెట్టడానికి ఎవరికీ పైసా ఖర్చు లేదు. ప్రశ్న అడిగినవారు ఈసారి కూర కొనేటప్పుడు నూనె సంగతి తప్పకుండా అడగండి. కొట్టువారు చెప్పలేకపోతే వేపుళ్లకూ గుత్తి కూరలకూ ప్యాకెట్‌కు 20 గ్రాములు, పులుసులకు 10 గ్రాముల చొప్పున నూనెను యాప్‌లో విడి పద్దుగా రాసుకోండి.