మీ నాన్న రాడ్డు అతికించే ముందు

బుజ్జీ,

అటక మీద పడున్న మీ నాన్న ఫిషింగ్ రాడ్డు దింపావనీ, తనకి తెలియకుండా అతికించి ఈ ఆదివారమే చెరువుకి తీసుకెళ్తావనీ మీ అమ్మ చెప్పింది. విని పొంగిపోయాను. ఆ వెంటనే టెన్షన్ పట్టుకుంది. ఈ ఆదివారం ఏమిటే? జిగురు ఆరొద్దూ?

అది ఎలా విరిగిందో మీ నాన్న నీకు చెప్పి ఉండడు. అడిగితే సరుకు నాసిరకం అంటాడు. మొదటిసారి కారు తలుపులో పడి విరిగింది. అది ఎవరికైనా జరిగేదే. నేను చూసినంతలో చేపల కంటే తలుపులు, సీలింగ్ ఫ్యాన్లే ఎక్కువ రాడ్లు విరిచాయి. రెండోసారి విరగడం మాత్రం పూర్తిగా బావ ఘనకార్యం. తెల్లారితే ప్రయాణం. అర్ధరాత్రి కూర్చుని విరిగిన కొసలు రెండూ ఎదురెదురుగా ఆనించి, క్షణంలో అంటుకునే జిగురు రాసి, పైన కరెంటు పనికి వాడే నల్ల టేపు మందంగా చుట్టాడు. "రేపటికి నా రాడ్డు తీసుకో బావా" అన్నాను. "చూడు, ఇనుము!" అని టేపు మీద వేలితో కొట్టి చూపించాడు.

ఆ ఇనుమే కొంప ముంచింది. మర్నాడు పెద్ద బొచ్చె చేప పడింది. రీలు కిర్రుమంటోంది. రాడ్డు పైన వంగుతోంది, కింద వంగుతోంది, టేపు చుట్టిన జానెడు మేర మాత్రం బిగదీసుకుని ఉంది. బరువంతా వచ్చి ఆ టేపు అంచు దగ్గర పడుతోంది. చేప ఒడ్డుకి రాగానే ఆత్రం ఆపుకోలేక రాడ్డుని నిలువునా పైకెత్తాడు. టప్‌మంది. పాత విరుపు దగ్గర కాదు, సరిగ్గా టేపు అంచు దగ్గర. కొస ముక్క దారానికి వేలాడింది, చేప కొక్కెం విదిలించుకుని పోయింది, ఫైబర్‌గ్లాస్ పీచులు అరచేతిలో దిగాయి. మీ అమ్మ పిన్నీసుతో ఒక్కొక్కటీ తీస్తూ తిడుతుంటే, మీ నాన్న నా వంక తిరిగి "ఎంత బరువుంటుందంటావ్?" అని అడుగుతాడు! ఆ బొచ్చె ఇప్పటికీ ఏటా ఒక కేజీ పెరుగుతోంది.

కాబట్టి ముందు నీ చేతులు, కళ్లు. గ్లవ్స్, కళ్లజోడు, మాస్కు లేకుండా ఆ రాడ్డు ముట్టుకోకు. ఎమెరీ పేపరు పెట్టినప్పుడు నీళ్లతో తడిపి రుద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.

ఆ టేపు ఉన్న ముక్క మొత్తం తీసెయ్. జానెడు పొట్టి అవుతుంది, అవనీ. కోసే చోట మాస్కింగ్ టేపు చుట్టి, సన్నపళ్ల హాక్సా బ్లేడుతో, రాడ్డుని తిప్పుతూ కొయ్యి. లేకపోతే పీచులు లేస్తాయి.

అతుకు బలం పైన కాదు, లోపల ఉంటుంది. విరిగిన ఎముకకి లోపల రాడ్ వేసినట్టే. పాడైన వేరే రాడ్డు నుంచి ఆరంగుళాల ముక్క తీసుకో, ఫైబర్‌గ్లాస్‌దే అయితే మేలు. దాని రెండు కొసలూ సన్నగా చెక్కు. మొద్దుగా వదిలావా, మీ నాన్న టేపు కథే మళ్లీ. కింది ముక్క లోపలికి దాని లావు వైపు నుంచి దూర్చి, సగం బయటికొచ్చి బిగుసుకునేదాకా నెట్టు, మిగతా సగం మీద పై ముక్క తొడుగు. జిగురు లేకుండా ముందొకసారి పెట్టి చూడు, వదులుగా ఉంటే వేరే ముక్క వెతుక్కో. తర్వాత స్పిరిట్‌తో తుడిచి, నెమ్మదిగా ఆరే రకం, రెండు పాళ్లు కలిపి వాడే ఎపాక్సీ జిగురు రాయి. గాలం దారం దూరే గైడ్ రింగులన్నీ ఒకే వరసలో ఉన్నాయో లేదో అది గట్టిపడక ముందే చూసుకో. ఒక రోజంతా ముట్టుకోకు.

పైన నైలాన్ దారం బిగుతుగా, పక్కపక్కనే చుట్టాలి. కింది ముక్క లావు, పై ముక్క సన్నం కదా, ఆ మెట్టు దారంతోనే పూడుతుంది. దాని మీద ఎపాక్సీ పల్చగా. జారడం ఆగేదాకా రాడ్డుని తిప్పుతూ ఉండాలి, లేకపోతే ఒక పక్కకే దిగి గడ్డ కడుతుంది. ఈ పనికి మీ నాన్నని కూర్చోబెడితే ఎంత బాగుండేదో, నీ సర్‌ప్రైజ్ లేకపోతే! గంటలు గంటలు బెండు వంక చూస్తూ కదలకుండా కూర్చోగల మనిషి. మాటామంతీ ఉండదు. నాకు గాలం వెయ్యడం అలాగే నేర్పాడు, తను చేస్తూ, నన్ను చూడనిస్తూ.

గైడ్ రింగుల్లో దూది తిప్పి చూడు. పీచు ఎక్కడ తగులుకుంటే అక్కడ పగులుంది, దారం కోసుకుపోతుంది. మార్చెయ్.

ఇంకొకటి, కుండబద్దలు కొట్టినట్టు చెప్తున్నాను. నువ్వు కొనుక్కున్న కొత్త రాడ్డు కార్బన్‌ది. కార్బన్‌లోంచి కరెంటు పోతుంది. గాలం విసిరే ముందు తల పైకెత్తి తీగలున్నాయేమో చూడు. రాడ్డు నిలబెట్టి తీగల కింద నడవకు. ఉరిమితే చేప పడినా సరే, రాడ్డు కింద పెట్టి వచ్చెయ్. మీ నాన్న వినడు, నువ్వే లాక్కురా. చేప దగ్గరికొచ్చాక రాడ్డు పైకెత్తనివ్వకు, వల నువ్వు పట్టుకో.

పై ఆదివారం పెట్టుకోండి. నేనూ వస్తాను. కోసేటప్పుడు మాత్రం వీడియో కాల్ చెయ్యి, మీ అమ్మ పక్కన లేనప్పుడు.

మావయ్య