కార్గిల్‌లో గాయం, మెడల్ రాలేదు, డిజెబిలిటీ పెన్షన్ లేదు. ఇప్పుడు అడగొచ్చా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. నాన్నగారు ఆర్మీలో 17 ఏళ్ళు చేశారు. 1999లో ద్రాస్ దగ్గర షెల్ ముక్క తగిలి ఎడమ కాలు దెబ్బతింది. 2002లో రిటైరయ్యేటప్పుడు మెడికల్ బోర్డు 30 శాతం వైకల్యం అని రాసింది. సర్వీసు పెన్షన్ ఒక్కటే వస్తోంది. మెడల్ లేదు. ఇప్పుడు కాలు వాచిపోయి సొంత డబ్బుతో విశాఖ తిప్పుతున్నాం. ఇన్నేళ్ళ తర్వాత ఏమైనా వస్తుందా? కేసు ఎక్కడ వేయాలి?

జవాబు: వస్తుంది. కానీ కేసు మాట కాసేపు పక్కన పెట్టి ముందు మెడల్ అడగండి. డబ్బు రాని మెడల్‌తో పనేంటి అనుకోకండి. శత్రువు దాడిలో గాయపడినవాళ్ళకిచ్చే ఊండ్ మెడల్‌కి (పరాక్రమ్ పదక్ అంటే అదే), యుద్ధ గాయం పెన్షన్‌కి ఆధారం ఒకటే: అప్పట్లో యూనిట్ ఆయన్ని బ్యాటిల్ క్యాజువాలిటీగా (అంటే యుద్ధంలో దెబ్బతిన్నవాడిగా) చూపిన కాగితం. అది చేతికొస్తే సగం కేసు అయిపోయినట్టే.

నాన్నగారి డిశ్చార్జ్ బుక్ తీసి, ఆర్మీ నంబరు వేసి ఆయన రెజిమెంట్ రికార్డ్ ఆఫీసుకి అర్జీ రాయండి. ఆపరేషన్ విజయ్ స్టార్ (కార్గిల్ యుద్ధంలో పాల్గొన్నవాళ్ళకిచ్చే మెడల్), ఊండ్ మెడల్ రెండూ అడగండి. దాంతోపాటే పది రూపాయల ఫీజుతో ఆర్టీఐ పెట్టి క్యాజువాలిటీ రిపోర్టు, ఇంజురీ రిపోర్టు, మెడికల్ బోర్డు కాగితాల నకళ్ళు అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. సంతకం మాత్రం నాన్నగారిదే ఉండాలి. కంటోన్మెంట్ బజారులో మెడల్స్ అమ్ముతారు, అవి కొని మురిసిపోకండి, కాగితం లేని మెడల్‌తో ఏ పనీ జరగదు.

ఇక మన ఆంధ్రా-ఒడిశా సరిహద్దు వాళ్ళకి మాత్రమే వచ్చే తలనొప్పి ఒకటుంది. చేరినప్పుడు అడ్రసు ఆంధ్రాలోని పాతపట్నం, ఇప్పుడు ఆధార్ ఒడిశాలో, ఇలా ఉంటుంది. ఆర్మీ కాగితంలో 'నాయుడు' అని ఉంటే ఇక్కడ ఆధార్‌లో 'నైడు' అని పడుతుంది, ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట అసలే ఉండదు. నా టేబుల్ మీదికి వచ్చే ఫైళ్ళలో ఎక్కువ ఆగేది ఇక్కడే, చట్టం దగ్గర కాదు. ఆ తేడా ముందే సరిచేయించండి, జిల్లా సైనిక బోర్డులో అడిగితే దారి చెప్తారు.

పెన్షన్ సంగతి. మామూలు డిజెబిలిటీకి నూరు శాతం ఉంటే జీతంలో 30 శాతం లెక్క, యుద్ధ గాయానికి అది 60 శాతం. నాన్నగారి 30 శాతాన్ని 50గా లెక్కించాలి, రామ్ అవతార్ కేసులో 2014లో సుప్రీంకోర్టు తేల్చింది అదే. అంటే యుద్ధ గాయంగా ఒప్పుకుంటే ఆఖరి జీతంలో 30 శాతం, లేదంటే 15. అందుకే ఆ క్యాజువాలిటీ కాగితం గురించి ఇంతగా చెప్తున్నాను. 2023లో వచ్చిన కొత్త రూల్స్ చూసి ఎవరైనా భయపెడితే టెన్షన్ పడకండి, అవి 2002లో రిటైరైనవాళ్ళకి వర్తించవు.

పెన్షన్ అర్జీ తిరస్కరిస్తే, లేదా ఉలుకూ పలుకూ లేకపోతే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్‌కి (సైనికుల కేసులు వినే ట్రిబ్యునల్) వెళ్ళాలి. రిటైరైన వ్యక్తి ప్రస్తుతం ఉంటున్న చోటు పరిధిలోని బెంచ్‌లో వేసుకోవచ్చు కాబట్టి మీకు కోల్‌కతా. పాతపట్నంలో బంధువుల అడ్రసు పెట్టి చెన్నై బెంచ్‌లో వేద్దామని చూడకండి. ఆలస్యమైందని కేసు కొట్టేయరు, పెన్షన్ నెలనెలా నష్టపోయే విషయం కదా. కాకపోతే 2008 నాటి సుప్రీంకోర్టు తర్సేమ్ సింగ్ తీర్పు ప్రకారం మామూలుగా కేసు వేయడానికి ముందు మూడేళ్ళ బకాయిలే ఇస్తారు. 2002 నుంచి మొత్తం ఇప్పిస్తానని ఎవరైనా ఫీజు అడిగితే నమ్మొద్దు.

వైద్యానికి ఇవేవీ అక్కర్లేదు. సర్వీసు పెన్షన్ వస్తోంది కాబట్టి ఇసిహెచ్‌ఎస్‌లో (మాజీ సైనికుల వైద్య పథకం) చేరొచ్చు. పెన్షన్ స్లిప్పు చూడండి, నెలకి వెయ్యి రూపాయలు మెడికల్ అలవెన్సు పడుతోందంటే ఆయన ఇంకా చేరలేదన్నమాట. చేరితే ఆ వెయ్యి ఆగిపోతుంది, ఆగనివ్వండి. కార్డు దేశమంతా చెల్లుతుంది, విశాఖ పాలీక్లినిక్‌లో కూడా. ఈ వారంలోనే అప్లై చేయండి, కాలు వాపు రికార్డ్ ఆఫీసు జవాబు కోసం ఆగదు కదా.