నాంపల్లి లాడ్జి చాలా, హైటెక్ సిటీ హోటలే కావాలా?

ప్రశ్న: జనవరి చివర్లో మా ఆయనా నేనూ హైదరాబాద్ వస్తున్నాం. శనివారం పొద్దున దిగి సోమవారం సాయంత్రం బండెక్కుతాం. నుమాయిష్ ఎగ్జిబిషన్, సాలార్‌జంగ్ మ్యూజియం చూడాలి, ఆదివారం ఆబిడ్స్‌లో పాత పుస్తకాలు కొనాలని ఆయన కోరిక. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి హైటెక్ సిటీలో పెద్ద హోటల్ బుక్ చేస్తానంటున్నాడు. ఈయనేమో నాంపల్లిలో మామూలు లాడ్జి చాలంటారు. నాకు మోకాళ్ల నొప్పి, పైగా లాడ్జి అంటేనే టెన్షన్. ఏం చెయ్యమంటారు?
- ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ఈ ఒక్కసారికి మీ ఆయన మాట వినండమ్మా. మీరు చూడాలనుకున్నవన్నీ ఇటుపక్కే ఉన్నాయి. నుమాయిష్ జరిగే ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ నాంపల్లిలోనే, ఆబిడ్స్ ఆ పక్కనే, సాలార్‌జంగ్‌కి ఆటో చాలు. హైటెక్ సిటీలో దిగితే రోజూ మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో లైను మారి, మళ్లీ రాత్రి అంత దూరం వెనక్కి వెళ్లాలి, మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చుదామన్నా గది ఊరికి ఆ చివర ఉంటుంది.

లాడ్జి అన్న మాటకు భయపడకండి, మన దగ్గర హోటల్ అంటే ఇడ్లీ తినే చోటు కాబట్టి పడుకునే చోటుకి ఆ పేరొచ్చింది, అంతే. నాంపల్లి, ఆబిడ్స్, లక్డీకాపూల్‌లలో ఇలాంటివి బోలెడు, ఆస్పత్రి పనుల మీదా పెళ్లి బట్టలకూ వచ్చే కుటుంబాలే ఎక్కువగా దిగుతుంటాయి. బయటికి చూస్తే ఏమీ ఉండదు, కింద దుకాణాలు, మధ్యలో ఇరుకు మెట్లు, పైన రిసెప్షన్. ఆ మెట్ల సంగతే మీరు ముందు తేల్చుకోవాలి. 'లిఫ్ట్ ఉందా' అని ఊరుకోకుండా, అది రోడ్డు మట్టం నుంచే మొదలవుతుందా అని అడగండి.

ఇక అసలు విషయం చెక్ ఔట్. కొన్నిచోట్ల మధ్యాహ్నం 12 గంటల లెక్క, కొన్నిచోట్ల మీరు దిగిన గంట నుంచి 24 గంటలు. పొద్దున 7కి దిగే మీకు మొదటిది నష్టం, మధ్యాహ్నం దాకా ఆగమంటారు, లేదంటే ఆ అయిదు గంటలకీ ఒక రోజు అద్దె పడుతుంది. 24 గంటల చోట రెండు రోజుల అద్దెతో సోమవారం పొద్దున 7 దాకా గది మీదే. ఆ తర్వాత సామాను రిసెప్షన్‌లో పెట్టుకుంటారేమో ముందే అడగండి, చాలామంది కాదనరు.

డబ్బు కట్టే ముందు గది చూపించమనండి, మొహమాటం వద్దు. నేనోసారి చూడకుండా తాళం తీసుకుంటే కిటికీ కిందే జనరేటర్, రాత్రంతా జాగారం. రోడ్డు వైపు కాకుండా లోపలి గది అడగండి, నుమాయిష్ రోజుల్లో నాంపల్లిలో రాత్రి పొద్దుపోయేదాకా హారన్లు మోగుతూనే ఉంటాయి. వెస్ట్రన్ కమోడ్ ఉందా, వేడినీళ్లు ఏ టైములో వస్తాయి, ఇవి కూడా. ఇద్దరి ఆధార్‌లూ తీసుకెళ్లండి, జిరాక్స్ అడిగితే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, అందులో చివరి నాలుగంకెలే కనిపిస్తాయి. రోజు అద్దె 7,500 రూపాయలు దాటకపోతే 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 5 శాతమే, బిల్లులో పాత 12 కనిపిస్తే ఊరుకోకండి.

శనివారం పగలు పడుకుని సాయంత్రం నుమాయిష్‌కి వెళ్లండి, ఫిబ్రవరి 15 దాకా ఉంటుంది. పుస్తకాలు ఆదివారమే. ఆయన ఫుట్‌పాత్ మీద బేరాలాడుతుంటే ఎంత సేపవుతుందో మీకు తెలియంది కాదు, మీరు మొజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీమ్ తింటూ కూర్చోండి. సాలార్‌జంగ్‌కి శుక్రవారం సెలవు కాబట్టి సోమవారం పెట్టుకోవచ్చు.

మీ అబ్బాయికి ఖర్చు పెట్టాలని అంత సరదాగా ఉంటే రానూపోనూ ఏసీ టికెట్లు తియ్యమనండి, లోయర్ బెర్తులు.