పొలంలో కుంట కట్ట కింద నీళ్లు ఊరుతుంటే కట్ట తెగుతుందా?

ఊట తేటగా, ఒకే తీరుగా వస్తుంటే పెద్దగా భయం లేదు. మట్టిరంగు తిరిగినా, కుంటలో మట్టం పెరగకుండానే ధార పెరిగినా ప్రమాదమే. మట్టికట్ట ఏదైనా కొంత నీటిని వదులుతుంది. మట్టి కూడా కొట్టుకొస్తోందంటే మాత్రం లోపల బొరియ పడుతోందని అర్థం. అది గంటల్లోనే కట్టను తెంపగలదు.

నల్లగొండ వైపు ఎర్రచెల్క మట్టితో పోసిన కట్ట మీద సర్కారు తుమ్మను పైపైన కొట్టేశారనుకోండి. మొద్దు లోపలే ఉండి, కొన్నేళ్లకు వేర్లు కుళ్లితే నీళ్లకు అదే దారి. (ఎలుక, ఎండ్రికాయ బొరియలదీ ఇదే కథ.)

చాలామంది ఊటకు బయటివైపు మట్టి కొట్టి మూసేస్తారు. అదే తప్పు. నీళ్లు లోపల ఆగి, కట్ట నాని జారిపోతుంది. ముందు తూము తెరిచి మట్టం తగ్గించాలి, ఊట మీద ఇసుక, దానిపైన కంకర పరచాలి.